ఏ కోడెక్‌నూ తీసెయ్యని గణపతి

జనగామ రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఉండే గణపతికి దురలవాట్లేమీ లేవు, ఒక్కటి తప్ప. తన కంప్యూటర్‌లోకి ఒకసారి అడుగుపెట్టిన దేన్నీ ఆయన బయటికి పంపడు. ఇంటికొచ్చిన చుట్టమైనా నాలుగో రోజుకు బస్సెక్కాల్సిందే గానీ, కంప్యూటర్‌లోకి వచ్చిన కోడెక్ మాత్రం కాపురం పెట్టేసుకోవచ్చు.

కోడెక్ అంటే వీడియోలో మూటగట్టి ఉన్న బొమ్మనూ మాటనూ విప్పి చూపించే చిన్న ప్రోగ్రాము. మామూలు ఇళ్లల్లో ఒకటో రెండో ఉంటాయి. ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. గణపతి దగ్గర నలభై ఒకటి ఉన్నాయి. పాతదీ, దానికంటే పాతదీ, ఆ రెండింటికీ నడిమిదీ. ముప్పై ఏళ్లు పెళ్లి వీడియోలు తీసిన మనిషి కాబట్టి వాటిని నంబర్లతో కాక పెళ్లిళ్లతో గుర్తుపెట్టుకుంటాడు. "గిది యాకమ్మ బిడ్డ లగ్గంది, గది బాలు లగ్గంది" అని అందరికీ పరిచయం చేస్తాడు.

చిక్కేమిటంటే, ఆ నలభై ఒకటికీ ఒకదానితో ఒకదానికి పడదు. ఏ వీడియో తెరిచినా నేను ముందంటే నేను ముందని ఉరుకుతాయి. బొమ్మను ఒకటి పట్టుకుంటే మాటను ఇంకొకటి పట్టుకుంటుంది. పెళ్లికొడుకు తాళి కట్టి, తలంబ్రాలు పోసి, భోజనానికి కూర్చున్నాక అప్పుడు గట్టిమేళం మోగుతుంది. ఆ పంచాయతీ తెంపే విద్య గణపతి ఒక్కడికే తెలుసు.

ఆయన మేనకోడలు శైలజ అదే ఇంట్లో ఉంటూ రోజూ రైల్లో హైదరాబాద్ పోయివస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఇంట్లో ఇలాంటి కంప్యూటర్‌ను పెట్టుకుని ఆఫీసులో ఏ మొహంతో తప్పులు పట్టాలో ఆమెకు తెలిసేది కాదు.

"మామా, గీ పాతయి తీసేద్దామా?"

"ఉండనీ బిడ్డా."

"ఇది పందొమ్మిదేండ్ల కిందిది మామా!"

"నీకంటే చిన్నదే గద. ఉండనీ."

ఇది చాలదన్నట్టు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోంచేసి ఊరందరి పెళ్లిళ్లూ వరసగా పెట్టుకుని చూస్తాడు. ఒక్కో పెళ్లి మొదటినుంచి అప్పగింతల దాకా. అప్పగింతలప్పుడు కళ్లు తుడుచుకుంటాడు కూడా.

"మన లగ్గం వీడియో ఒక్కనాడన్న పెట్టినవా?" అని ఆయన భార్య సరోజన అడిగితే, "గది నేను తియ్యలే గద, ఏం బాగుంటది?" అన్నాడు. ఆమె ఆ రోజు చాయ్ ఇవ్వలేదు.

ఒక శనివారం గణపతి చుట్టాల ఇంట్లో దినాలకు మహబూబాబాద్ పోయాడు. శైలజకు సెలవు. రెండు గంటలు కూర్చుని నలభై ఒక్క కోడెక్‌లనూ ఊడబెరికి, అన్నింటికంటే కొత్తది ఒక్కటి పెట్టింది. కంప్యూటర్ లేడిపిల్లలా పరుగెత్తింది. మామ తిడతాడు, తిట్టినా పర్వాలేదు అనుకుంది.

మర్నాడు పొద్దున తిరిగొచ్చిన గణపతి తిట్టలేదు. తెర ముందు కాసేపు కూర్చుని, "మంచిగ ఉరుకుతుంది బిడ్డా" అని మెల్లగా అన్నాడు. ఉప్మా సగం వదిలేశాడు. తిట్టి ఉంటే బాగుండునని శైలజకు అనిపించింది.

సరిగ్గా అప్పుడే గూడూరు దగ్గరి తండా నుంచి నీలి వచ్చింది, కూతురు దీపను వెంటబెట్టుకుని, పాత సీడీని తువ్వాలలో చుట్టుకుని. ఇరవై ఏళ్ల కింద నీలి పెళ్లి వీడియో తీసింది గణపతే. ఇప్పుడు దీప పెళ్లి గురువారం ఉంది.

"అన్నా, అత్తగారింటికి పోయేటప్పుడు పిల్ల తల్లిని పట్టుకొని ఢావ్లో పాట పాడాలె. మా దాంట్ల అది లేకుంటే లగ్గమే గాదు" అంది నీలి. "నాకు సగం యాదికి లేదు. మంచిగ వచ్చినోళ్లు తండాల ఎవలూ మిగల్లే. మా యాడి పాడింది ఈ సీడీల ఉన్నది. గూడూరుల ఒక దుకాణంల పెట్టి చూసినం. బొమ్మ వచ్చింది గని గొంతు రాలే."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆమె పోయి ఆరేళ్లయింది.

శైలజ సీడీ పెట్టింది. బొమ్మ అద్దంలా వచ్చింది. తెర మీద ముసలామె నోరు కదులుతోంది. గొంతు మాత్రం రాలేదు. నీలి తెరకు దగ్గరగా జరిగి చెవి పెట్టింది. అది చూడలేక శైలజ మంచినీళ్ల వంకతో వంటింట్లోకి పోయింది.

"అత్తా, నేనే పాడు చేసిన" అంది.

సరోజన బియ్యం చేట పక్కన పెట్టింది. "మీ మామ మొదటిసంది గిట్ల లేడు బిడ్డా. అప్పట్ల నీ లెక్కనే, కొత్తది రాంగనే పాతది పడేసేటోడు. తరిగొప్పుల నుంచి పెద్దులన్న అని ఒకాయన వచ్చిండు. పెండ్లాం సచ్చిపోయి నెల. బిడ్డ లగ్గం వీడియోల ఆమె నడుస్తది, ఒక్కసారి చూపియ్యమన్నడు. పెడితే బొమ్మ తలకిందులు వచ్చింది. ముందు రోజే మీ మామ పాతది తీసేసిండు."

"మరి?"

"మరేంది! పెద్దులన్న మెడ వంచుకొని, తల కిందికేసి ఆఖరి దాకా చూసిండు. 'మంచిగనే ఉన్నదన్నా' అని లేసి పోయిండు. మీ మామ పదకొండు రోజులు దేవులాడి ఆ పాతదాన్ని తెచ్చిండు. కంప్యూటర్ డబ్బ ఒళ్లె పెట్టుకొని తరిగొప్పుల బస్సెక్కిండు. ఆదివారం ఆదివారం లగ్గాలు చూస్తడని నవ్వుతం గద? ఎవలెప్పుడొచ్చి అడుగుతరో, అన్నీ ఆడుతున్నయా లేదా అని చూసుకుంటడు."

శైలజ నీళ్లు మరిచిపోయి గదిలోకి వచ్చేసరికి గణపతి అటక మీది రేకు పెట్టె దించి, సీడీలు ఒక్కొక్కటే తీసి వాటి మీది పేర్లు చదువుతున్నాడు. ప్రతి కోడెక్‌కూ ఒక నకలు. ఒకదాని మీద 'నీలి లగ్గం, గూడూరు తండా' అని ఉంది.

శైలజ దాన్ని ఎక్కించింది. అయినా గొంతు రాలేదు. కొత్త కోడెక్ ముందుకొచ్చి, చేతగాని పనిని మీదేసుకుంటోంది.

"మామా, కొత్తదాన్ని తీసెయ్యాలె."

గణపతి మొహం వాడిపోయింది. "పాపం, నిన్ననే వచ్చింది గద బిడ్డా."

"మళ్ల పెడత మామా. నలభై ఒకటి గూడ మళ్ల పెడత. ఒట్టు."

ఆయన మొహం గోడవైపు తిప్పుకుని "కానీ" అన్నాడు.

గొంతు వచ్చింది. సన్నగా, కొంచెం బొంగురుగా, దీర్ఘం తీస్తూ. దీప ఫోన్ తీసి స్పీకర్ పక్కన పట్టుకుంది. ముసలామె ఒక వరస పాడి ఆగింది, దానికి జవాబు బిడ్డ పాడాలి. తెర మీది చిన్న నీలి వెక్కివెక్కి ఏడుస్తోందే తప్ప పాడటం లేదు. తల్లి మళ్లీ అందుకుంది, మళ్లీ ఆగింది. ఆ ఆగినచోట కుర్చీలో కూర్చున్న నీలి పాడింది. సగం మరిచిపోయానన్న పాట మొత్తం వచ్చింది. ఇరవై ఏళ్లు ఆలస్యంగా తల్లికి బదులిచ్చి, ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. దీప ఒక చేత్తో ఫోన్ పట్టుకునే రెండో చేత్తో తల్లిని దగ్గరికి తీసుకుంది.

పాట అయిపోయింది. తెర మీద ముసలామె ఉన్నట్టుండి కెమెరాలోకి సూటిగా చూసి ఏదో గట్టిగా అంది. నీలి, దీప ఒక్కసారే పక్కున నవ్వారు.

"ఏమన్నది?" అని అడిగింది శైలజ.

"గీ కెమెరాయిన అడ్డమొచ్చి సస్తున్నడు, పక్కకు జరుగుమను అంటుంది" అంది నీలి, కళ్లు తుడుచుకుంటూ.

గణపతి లేచి, కుర్చీ పక్కకు జరుపుకుని మళ్లీ కూర్చున్నాడు.