మార్తమ్మ గారు ఒప్పుకోని పేజీ

2022 వానాకాలం. అప్పటికి నేను కోల్‌కతా వచ్చి కొన్నేళ్లయింది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. స్పీచ్ థెరపిస్టు అంటే పిల్లలకు నత్తి పోగొట్టే మనిషని చాలామంది అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లు. దీన్ని అఫేసియా అంటాం. నాలుక కదులుతుంది, తెలివి ఎక్కడికీ పోదు, చెప్పాలనుకున్న మాట మాత్రం అందదు. కొందరికి మనం చెప్పేదంతా అర్థమవుతుంది కానీ తిరిగి ఒక్క ముక్క అనలేరు. మార్తమ్మ గారిది ఆ రకం.

క్లినిక్‌లో బెంగాలీలో, హిందీలో చేయగలిగినవాళ్లు ఉన్నారు. తెలుగుకు నేనొక్కదాన్నే. మాది విజయనగరం కావడంతో గార్డెన్ రీచ్, ఖిదిర్‌పూర్ వైపు తెలుగువాళ్ల కేసు ఏది వచ్చినా నాకే అప్పగించేవారు. ఇక్కడ పేర్లన్నీ మార్చాను. మిగతాది మార్తమ్మ గారి అనుమతితోనే రాస్తున్నాను.

ఆవిడకు అరవై దాటాయి. భర్త జాన్‌రాజు గారు రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఇద్దరి తల్లిదండ్రులూ శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్లే. చర్చిలో స్త్రీల సమాజానికి మార్తమ్మ గారే పెద్ద. ప్రార్థన నడిపించడమైనా, తగవు తీర్చడమైనా ఆవిడ నోటితోనే జరగాలి. కొడుకు వెల్డరు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు, బడిలో నేర్చింది హిందీ, బెంగాలీ. కోడలు సునీత శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి వచ్చిన పిల్ల. ఆ ఇంట్లో ఇప్పుడు తెలుగు గడగడా చదవగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే.

నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు సునీత నన్ను గుమ్మం దగ్గరే ఆపి మెల్లగా చెప్పింది.

"పాటలు పాడతాది మేడమ్. మొదలెడితే సివరిదాకా పాడతాది. మంచినీలు మాత్రం అడగలేదు."

నిజమే. నేను ఒక కీర్తన అందుకోగానే మార్తమ్మ గారు మంచంమీద కూర్చుని ఒక్క పదం తప్పకుండా పాడారు. జాన్‌రాజు గారు కళ్లు తుడుచుకోవడం చూసి, నిజం చెప్పడానికి నాకు కష్టమైంది. ఇది ఆటోమేటిక్ స్పీచ్. పాటలు, ప్రార్థనలు, వారాల పేర్లు, ఏళ్ల తరబడి పలికిన మాటలు మెదడులో వేరే దారిన బయటికి వస్తాయి. అవి వచ్చాయంటే సొంత మాట వచ్చినట్టు కాదు.

మామూలుగా నేను పిక్చర్ కార్డులతో మొదలుపెడతాను. బొమ్మ చూపించి పేరు చెప్పిస్తాం. గొడుగు చూపించాను, అరటిపండు చూపించాను. ఆవిడ బొమ్మను కాక నన్ను చూసేవారు. చర్చిలో పదిమందికి వాక్యం చెప్పిన మనిషి ముందు అరటిపండు బొమ్మ పట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ చూపులో తెలిసేది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది; ఒకరోజు ఎడమచేత్తోనే కార్డులన్నీ మంచం కిందికి తోసేసి గోడవైపు తిరిగిపోయారు.

తరువాత బైబిల్ చదివించాను. సునీత వాక్యం సగంలో ఆపితే మార్తమ్మ గారు పూర్తిచేసేవారు. అదీ కంఠతా వచ్చినదే. నాకు కావలసింది ఆవిడకు తెలియని పుస్తకం, తరువాతి మాట ఏమిటో ముందుగా తెలియనిది.

"ఇంట్లో ఇంకేదైనా తెలుగు పుస్తకం ఉందా?" అని సునీతను అడిగాను.

ఆ అమ్మాయి అత్తవైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి, చీరల మడతల్లోంచి ఒక నవల తెచ్చింది. అట్టమీద చొక్కా గుండీలు విప్పుకున్న అబ్బాయి, అతని ఎదమీద జుట్టు విరబోసుకుని ఒక అమ్మాయి.

"పలాస బస్టాండులో కొన్నాను మేడమ్. అత్త ముందర ఎప్పుడూ తియ్యలేదు."

అక్కడే నిలబడి కొన్ని పేజీలు తిరగేశాను. అతనికి హోటళ్లున్నాయి, ఆమె కేకులు తయారుచేస్తుంది. కొద్ది పేజీలకొకసారి ఇద్దరూ గది తలుపు గడియ పెట్టుకుంటారు. రాసినావిడ ఆ తలుపు దగ్గర ఆగే రకం కాదు. నాకు గొప్ప పుస్తకమని అనిపించలేదు. కానీ మార్తమ్మ గారు తల ఎత్తి అట్టనే చూస్తున్నారు. మంచంమీద ఉన్న ఆ మనిషి ముఖంలో కుతూహలం చూడడం నాకు అదే మొదటిసారి.

"చదువు," అన్నాను సునీతతో.

అమ్మాయి చక్కగా చదివింది. లిఫ్టు ఆగిపోయే ఘట్టం దగ్గర మాత్రం కంగారుగా రెండు పేజీలు ఒక్కసారి తిప్పేసి, మర్నాడు ఉదయం నుంచి మొదలుపెట్టింది. మార్తమ్మ గారి ఎడమచెయ్యి వచ్చి పుస్తకంమీద పడింది. పెదవులు కూడగట్టుకున్నారు, మెడ నరాలు బిగిశాయి.

"సదు," అన్నారు.

సునీత నావైపు చూసింది. నేను తలూపాను. వెనక్కి తిప్పి, చెవులు ఎర్రబడుతుండగా, గొంతు తగ్గించి, లిఫ్టులో జరిగినదంతా చదివింది. వరండాలో జాన్‌రాజు గారి హిందీ పేపరు చప్పుడు ఆగిపోయింది.

ఆ ఒక్క మాట ఏ పాటలోంచీ రాలేదు. ఎదురుగా ఉన్న మనిషి మోసం చేస్తోందని గ్రహించి, కావాలని పట్టుబట్టి అన్న మాట. ఇంటికి వెళ్తూ బస్సులో అదే తలుచుకున్నాను.

వాళ్ల పక్కింట్లో ఎస్తేరమ్మ గారని, చర్చిలో మార్తమ్మ గారి వెంట ఉండే మనిషి. తరువాతి వారం నేనున్నప్పుడే వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది.

"ఇదేటి సునీతా, ఇసవంటి పుస్తకం అత్తకి సదివి ఇనిపిస్తన్నావా?"

"ట్రీట్‌మెంట్ పిన్నీ," అంది సునీత, నన్ను చూపిస్తూ.

"ఇంకే మందూ లేదేటి డాక్టరమ్మా దీనికి?"

ఉన్నవన్నీ వాడి చూశామని చెప్పాను. తాను వినడంలేదని తెలిసేలా ఆవిడ మాకు వీపు పెట్టి గుమ్మంలో కూర్చుంది. అధ్యాయం అయ్యేదాకా లేవలేదు. తరువాత నేను వెళ్లిన ప్రతిసారీ గుమ్మంలో ఆవిడ ఉండేది.

వరండాలోంచి జాన్‌రాజు గారు ఒకసారి అభిప్రాయం చెప్పారు. "ఆ కుర్రోడు ఏ పనీ సెయ్యడేటి? ఎప్పుడు సూడు దాని ఎనకాలే తిరుగుతాడు. హోటలెవడు సూస్తాడు?" సునీతకు కోపం వచ్చింది. హీరోని ఎవరేమన్నా ఆ అమ్మాయి ఊరుకునేది కాదు. అతను ఇంకో డబ్బున్న అమ్మాయితో నిశ్చితార్థానికి ఒప్పుకుని, మనసు మార్చుకుని, వానలో తడుస్తూ తిరిగివచ్చి క్షమించమంటాడు. హీరోయిన్ ఆ పేజీలోనే క్షమించి తలుపు తీస్తుంది. అది చదివిన రోజు సునీత ఏడ్చేసింది. మార్తమ్మ గారు మాత్రం ఆ రోజంతా ముఖం గంటు పెట్టుకునే ఉన్నారు.

సునీత తన ఫోన్‌లో నవలలు చదివేవాళ్ల గ్రూపు ఒకటి చూపించింది. అక్కడ ఈ పుస్తకంమీద పెద్ద యుద్ధమే జరుగుతోంది. సగంమంది నెత్తిన పెట్టుకున్నారు, సగంమంది తిట్టిపోస్తున్నారు. చూస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. ఒక్కొక్క అభిప్రాయం ఒకటి రెండు వాక్యాలే. మాట కూడదీసుకునే మనిషికి అది సరైన కొలత. పైగా ఒకరి మాట వింటే ఒప్పుకోవాలో కాదనాలో తేల్చుకోవాలి.

మర్నాడు అలాగే కూర్చున్నాం. సునీత చదవాలి, మార్తమ్మ గారు తన మాట చెప్పాలి, ఎంతసేపు పట్టినా ఎవరూ అందించకూడదు.

"కథ తక్కువ, కౌగిలింతలు ఎక్కువ అంటంది ఒకావిడ," అంది సునీత.

మార్తమ్మ గారు తల అడ్డంగా ఊపారు. "కాదు."

"ఇది సదివినాక మా ఆయన్ని కొత్తగా చూస్తన్నానంటంది ఇంకొకావిడ."

మార్తమ్మ గారికి నవ్వొచ్చింది. జబ్బు చేశాక ఆవిడ పెద్దగా నవ్వడం అదే మొదలని సునీత తరువాత చెప్పింది. గుమ్మంలో ఎస్తేరమ్మ గారి వీపు కూడా కదిలింది.

"పిల్లలున్న ఇంట్లో ఈ పుస్తకం ఉంచకూడదంట."

దీనికి చాలాసేపు ఆలోచించారు. "దాసు," అన్నారు చివరికి. పారెయ్యమనలేదు, దాచమన్నారు.

"క్షమించే సీనుకి ఏడవనోళ్లు మనుషులే కాదంట," అని సునీత తానూ ఒప్పుకుంటున్నట్టు చదివింది.

మార్తమ్మ గారి ముఖం మారిపోయింది. "కాదు. కాదు." ఎడమచెయ్యి పరుపుమీద కొట్టారు. తరువాతి మాట కోసం ఆవిడ పడిన కష్టం చూడలేక సునీత నోరు తెరవబోతే నేను ఆపాను.

"ముద్దు... మంచిది," అన్నారు. మళ్లీ ఆగి, "మాఫ్... అబద్దం."

మేమందరం సరిగ్గా దానికి వ్యతిరేకంగా అనుకున్నాం. చర్చి పెద్దమ్మకు ఆ గడియ పెట్టిన గదులు నచ్చవని, క్షమాపణ నచ్చుతుందని. ఎస్తేరమ్మ గారు ఇటు తిరిగింది.

"అదేటి వొదినా, మన్నించడం అబద్దమా? నువ్వే గదా మాకు సెప్పినావు."

మార్తమ్మ గారు కాదన్నట్టు చెయ్యి ఊపి, సునీత ఒళ్లోని పుస్తకాన్ని వేలితో చూపించారు. "బేగి," అన్నారు. "బేగి... బేగి."

మా వైపు బేగి అంటే త్వరగా. మన్నించడం అబద్ధం కాదు. అంత త్వరగా మన్నించడం అబద్ధం.

వరండాలో కుర్చీ జరిగింది. జాన్‌రాజు గారు లోపలికి వచ్చి మంచం కాళ్లవైపు నిలబడ్డారు. ఇంట్లో నేనున్నానన్న సంగతి ఆయనకు పట్టినట్టు లేదు.

"మరి నన్ను?" అన్నారు.

నేను లేవబోయాను. "కూకోమ్మా," అన్నారు ఆయన. "నువ్వు మాట రప్పించడానికే గదా వచ్చినావు." తరువాత కోడలితో, చూపు నేలమీద ఉంచి, చెప్పారు. "నాను హల్దియా రేవులో పనికెల్లినప్పుడు అక్కడ ఇంకో మనిషితోటి ఉన్నాను. నీ మొగుడు అప్పటికి సిన్నోడు. తిరిగొస్తే మీ అత్త తలుపు తీసినాది. ఒక్క మాట అడగలేదు. అడగలేదు గనక మాఫ్ సేసేసినాదనుకున్నాను." మళ్లీ భార్యవైపు తిరిగారు. "సేసినావా?"

మార్తమ్మ గారు ఆయన్ని చూస్తూ ఉండిపోయారు. పెదవులు కదులుతున్నాయి, ధ్వని రావడంలేదు. మన్నింపు గురించి చర్చిలో పలికే మాట ఆవిడకు సులువుగా వచ్చి ఉండేది. అది ఆవిడ తీసుకోలేదని నాకు కనిపిస్తూనే ఉంది. ఇంకేదో వెతుక్కుంటున్నారు.

"లేదు," అన్నారు మొదట.

ఆయన తల దించుకున్నారు. ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి ఆగమన్నారు. ఇంకా పూర్తి కాలేదు.

"ఇంకా..." అన్నారు. "ఇంకా... సేస్తన్నాను."

నా పని గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ రకం అఫేసియాలో పేర్ల కంటే క్రియలు కష్టం. వచ్చినా మొండిగా వస్తాయి, సదు, దాసు అన్నట్టు. తెలుగులో ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో క్రియ చివరనే ఉంటుంది. మొదట విరిగేది ఆ చివరే. కొందరికి అది మళ్లీ రాదు. ఇంటివాళ్లకు ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను. మార్తమ్మ గారి నోట చివర విరగకుండా వచ్చిన మొదటి క్రియ అది. చేస్తున్నది నేను అనే మాట అందులో ఉంది, అది అయిపోలేదు, సాగుతోంది అనే మాట కూడా ఉంది. నేను ఏ కార్డుతోనూ నేర్పించలేనిది, ఆవిడ తనకు కావలసిన చోట తానే తెచ్చుకున్నారు.

జాన్‌రాజు గారు మంచం చివర కూర్చున్నారు. "సరే, సెయ్యు. నానెక్కడికీ ఎల్లను," అన్నారు. ఎస్తేరమ్మ గారు లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. సునీత ఏడవలేదు. పుస్తకం మూసి ఆ అమ్మాయి అత్తనే చూస్తోంది, అంతకుముందు ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు.

ఆ శీతాకాలానికి మార్తమ్మ గారు మూడు నాలుగు మాటల వాక్యాలు అనగలిగారు. కుడిచెయ్యి మాత్రం కోలుకోలేదు. సునీత ఇంకా నవలలు తెస్తూనే ఉంది, ఇప్పుడు చీరల్లో దాచడంలేదు. హీరోల విషయంలో అత్తాకోడళ్లకు ఏ పుస్తకం దగ్గరా కుదరదు.

అంతవరకూ మాట పోయినవాళ్లకు వస్తువుల పేర్లు తిరిగి ఇవ్వడం నా పని అనుకునేదాన్ని. మనిషి నోరు తెరిచేది పేరు చెప్పడానికి కాదని, ఒప్పుకోలేనిదాన్ని ఒప్పుకోనని చెప్పడానికని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ కొత్త ఇంటికి వెళ్లినా ముందు ఒక ప్రశ్న అడుగుతాను, ఈ మనిషి దేనిమీద వాదించేవారు అని. ఇప్పుడు బెంగాలీ కేసులూ చూస్తున్నాను; మొన్న మాట పోయిన ఒక బెంగాలీ మాస్టారి భార్య ఆ ప్రశ్నకు నవ్వి, "నా చేపల కూరలో వేసే ఆవపిండిమీద," అంది. మర్నాడు అదే కూర వండిపెట్టింది. మాస్టారు ఒక ముద్ద తిని, ముఖం చిట్లించి, భార్యవైపు వేలు ఎత్తారు. నేను కార్డులు సంచిలో పెట్టేసి, ఆవిడను మాట్లాడవద్దని సైగచేసి, ఎదురుచూస్తూ కూర్చున్నాను.