గొట్టంలో తప్పిపోయిన మందు

మా కొట్టాయంలో నర్సు శోశామ్మకు గొట్టంలో మందు నడిచే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. సరే, అడుగుల చప్పుడు కాదు. మందు దారిలో ఎక్కడో చిక్కుకుంటే ఆవిడకు తెలిసిపోతుంది, అంతవరకు నిజం. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో మదర్లు బెదిరించేవారు. అద్దంలో చూసుకునే రాస్తున్నాను.

నాతో నలభై ఏళ్లుగా పేకాడే ఇట్టియవిరకు రొట్టెల బట్టీ ఉంది. పిండి దుమ్ము పీల్చి పీల్చి అతని ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆ వానాకాలం ఉబ్బసం ముదిరితే నోట్లో గొట్టం వేసి శ్వాస యంత్రానికి తగిలించారు. అతని భార్య అచ్చామ్మా నేనూ వంతులవారీగా మంచం పక్కన కాపలా.

నాలుగు గంటలకోసారి శోశామ్మ ఆ గొట్టంలోకి పిచికారీ బుడ్డితో మందు కొడుతోంది. రెండు రోజులైనా ఛాతీలో పిల్లికూతలు తగ్గలేదు. మూడో రోజు పొద్దున డాక్టరు అచ్చామ్మను పక్కకు పిలిచాడు.

"ఫాదర్‌ను పిలిపించండి అమ్మచ్చీ. సాయంత్రం దాకా చెప్పలేం."

"బట్టీలో పిండి కలిపించి వచ్చాను. ఆయన లేవకపోతే ఎవరు కాలుస్తారు?" అంది అచ్చామ్మ.

శోశామ్మ యంత్రం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇంత మందుకు ఏనుగుకైనా ఊపిరాడాలి. ఇదంతా ఎక్కడికి పోతోంది?"

"పరలోకానికి," అన్నాను.

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా అప్పచ్చా!"

యంత్రం దగ్గర మొదలుపెట్టి గొట్టం వెంట వేలు పోనిచ్చింది. మందు కొట్టే చోటు దాటింది. నోటికి జానెడు దూరంలో వేలు ఆగింది. అక్కడ బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీ, లోపల జల్లెడ. రోగి వదిలే ఊపిరిలోని వేడినీ తేమనూ పట్టి ఉంచి, తర్వాతి ఊపిరికి తిరిగివ్వడం దాని పని. అంతకు ముందు నెల దాకా ఆ పని వేడినీళ్ల సీసాది. మందు ఇచ్చేటప్పుడు తీయవలసిందేమీ ఉండేది కాదు. సీసాలు పోయి డబ్బీలు వచ్చాయి, చేతుల అలవాటు మాత్రం పాతదే.

శోశామ్మ డబ్బీని ఊడదీసి ఒక అరచేతిలో, కొత్తదాన్ని మరో అరచేతిలో పెట్టుకుని తూచింది.

"మందంతా ఇదే తాగింది. ఆయన దాకా చేరనివ్వలేదు."

"దీన్ని పెట్టిన మహానుభావులెవరో?"

"నేనే," అంది, తల ఎత్తకుండా.

డబ్బీ లేకుండానే గొట్టాలు కలిపింది. మందు బుడ్డి బాగా ఆడించి, ఇట్టియవిర ఛాతీ మీదే చూపు నిలిపింది. యంత్రం గాలి తోయడం మొదలుపెట్టిన క్షణానే నొక్కింది. కాస్త ఆలస్యమైతే మందు వదిలే ఊపిరితో బయటికే పోతుంది. పడవ పందెంలో తెడ్డు వేసేవాడిలా, ఊపిరి అందుకుని ఒక్కొక్కటే ఆరుసార్లు కొట్టి, కొత్త డబ్బీ తగిలించింది.

అరగంటకు యంత్రం మీద గాలి ఒత్తిడి అంకె దిగింది. మధ్యాహ్నానికి పిల్లులు మూలకు చేరాయి. అయిదో రోజు గొట్టం తీసేశారు.

మొన్న బట్టీలో రొట్టెలు కొంటున్న శోశామ్మ ఎదుటే ఈ కథంతా పదిమందికీ చెప్పాను. ఇట్టియవిర పడీపడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఒక్క ముక్కా నమ్మకండి. మందు మొదటి రోజు నుంచీ సరిగ్గానే అందింది, ఇట్టియవిర చేట్టన్‌కు జబ్బు దానంతటదే తగ్గింది. నేను ఏదీ మరిచిపోలేదు, ఏదీ ఊడదీయలేదు. ఆ వారం ఈ కథలు చెప్పే అప్పచ్చన్ అసలు ఊళ్లోనే లేడు."