సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది

రిటైరైన దర్జీ ఒకాయన, తుమ్ములకని ఇచ్చిన మాత్రలను ఇరవై మూడు రోజులపాటు బీరువాలో భద్రంగా దాచి, ఫిబ్రవరి ఒకటో తారీఖు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మొదటి మాత్ర వేసుకోబోయే ముందు చిన్న సందేహం తీర్చుకుందామని ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"ఇవాళ ఒక్కరోజు వేసుకుంటే చాలా అమ్మాయ్, ఏటేటా ఇదే తారీఖున వేసుకోవాలా?"

అమ్మాయ్ అనిపించుకున్న మనిషికి యాభై రెండేళ్లు. ఆ కౌంటరు వెనక కూర్చుని ఇరవై రెండేళ్లుగా మందుల కవర్లకు లేబుళ్లు కొడుతోంది. ఆసుపత్రిలో అందరికీ ఆమె పిన్నే. ఆమెకంటే నాలుగేళ్లు పెద్దవాడైన పెద్ద ఫార్మసిస్టుకు కూడా.

పిన్ని కవరు అందుకుని చూసింది. మోతాదు గడిలో సగం గుర్తు ఉండాల్సిన చోట 'ఫిబ్రవరి 1' అని ఉంది. కింద తన పొట్టి సంతకం.

"డాక్టరు గారు ఏం చెప్పారండీ?" అంది.

"కవరు మీద ఎలా ఉంటే అలా వాడమన్నారు. అలాగే వాడుతున్నా" అని ఆయన మూడుసార్లు తుమ్మాడు.

ఇది పిన్ని తప్పంటే తప్పే, కాదంటే కాదు. చదువు రానివాళ్లకూ అర్థం కావాలని మోతాదు గడిలో అక్షరాలు కొట్టకూడదన్నది పెద్ద ఫార్మసిస్టు పెట్టిన నియమం. పోనీ సున్నా పాయింట్ ఐదు అని కొడదామంటే, ఆ ప్రింటరుకు చుక్కలు మింగే అలవాటుంది. అది చుక్క మింగితే రోగి ఐదు మింగుతాడు. కాబట్టి ½ ఒక్కటే దిక్కు. దానికేమో కీబోర్డు మీద కీ లేదు. ఎడమచేత్తో ఆల్ట్ కీ నొక్కిపట్టి, కుడిపక్క చివరనుండే అంకెల కీల మీద సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది కొట్టి వదిలితే ప్రత్యక్షమవుతుంది. పిన్ని చేతికి అది ఎంత అలవాటంటే, ఎదుటి మనిషి కోడలి కబుర్లు అడుగుతూనే కొట్టేసేది.

కిందటి నెల తొమ్మిదిన కౌంటరుకు సోకులు చేశారు. గాజు పలక, సన్నటి బల్ల, బల్లకు తగ్గ బుల్లి కీబోర్డు. కుడిపక్క అంకెల కీలు కత్తిరించి పారేసినట్టు మాయం. పై వరస అంకెలతో ప్రయత్నిస్తే ½ రాలేదు సరికదా, అడగని మెనూలన్నీ తెరుచుకున్నాయి. విసుగొచ్చి ఒకటి, వాలు గీత, రెండు కొట్టింది. లేబుళ్ల పట్టిక అతి తెలివికి పోయి దాన్ని రెండో నెల ఒకటో తారీఖు చేసి కూర్చుంది. రెండో లేబుల్ దగ్గరే పిన్ని కనిపెట్టి ఆపింది. మొదటిది అప్పటికే దర్జీగారి జేబులో ఇంటికి వెళ్లిపోయింది.

ఆనాటినుంచి ఇదే వరస. సగం మాత్ర ఎవరికి రాసినా పాత ఫైలు తెరవడం, ½ ఎక్కడుందో వెతకడం, కాపీ చేయడం, తెచ్చి అతికించడం. ఇప్పుడు దర్జీగారి లేబుల్ దిద్దడానికీ అంతే. ఆమె కొత్త లేబుల్ తీసేలోపు ఆయన ఏడుసార్లు తుమ్మాడు.

"రోజూ సగం అండీ, ఇవాళ్టినుంచే."

"ఏడాదికోసారైతే జీవితాంతం వచ్చేవి" అని ఆయన కాస్త నిరాశగానే వెళ్లాడు.

వెనకనుంచి పెద్ద ఫార్మసిస్టు అంతా విన్నాడు.

"పిన్నీ, ఒకపక్క లైను గేటుదాకా పోతోంది. ఇంకోపక్క మీరు మాత్రలకు ముహూర్తాలు పెడుతున్నారు. ఇంకొక్క లేబుల్ తేడా వచ్చిందంటే ఆ కుర్చీలో వేరేవాళ్లు ఉంటారు. మీరు గోడౌన్‌లో అట్టపెట్టెలు మడతపెట్టుకోవచ్చు."

"కీబోర్డు మార్చమని మూడుసార్లు రాసిచ్చాను కద సార్!"

"కొత్త బల్ల మీద ఆ పాత దుంగను ఎక్కడ పెడతారమ్మా? చూడ్డానికి బాగుండొద్దూ?"

ఇరవై రెండేళ్ల కుర్చీ. పిన్ని వెంటనే కంప్యూటర్ల మెకానిక్‌కు ఫోన్ చేసింది. ఇంకెవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూనే అతను వచ్చి నిలబడ్డాడు.

"ఆ అంకెలు ఇప్పుడెవరు వాడుతున్నారు ఆంటీ?"

"నేను."

"సింబల్స్ పెట్టెలో అన్నీ ఉంటాయి, చూసుకోండి" అని తెర మీద ఒక కిటికీ తెరిచాడు. బాణాలు, గొడుగులు, హృదయాలు, మంచుపూలు. పిన్ని కిందికి జరుపుతూనే పోయింది. చివరికి చదరంగం గుర్రం కనబడింది.

"గుర్రం దొరికింది బాబూ. దీన్ని భోజనానికి ముందు వేసుకోమనాలా, తర్వాతా?"

అతను పకపకా నవ్వి, "రేపొచ్చి చూస్తా ఆంటీ" అని చక్కా పోయాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయకుండా, ఎవరూ పంపకముందే పిన్ని తనే గోడౌన్‌కు వెళ్లింది. విరిగిన కుర్చీల కింద, మసిబారిన ఫ్యాను వెనక, పాత కీబోర్డు తిరగబడి ఉంది. పోల్చుకోవడం కష్టం కాలేదు. నాలుగు అంకెలు అరిగి నున్నబడ్డాయి. రుమాలుతో తుడిచి, తెచ్చి, తీగ తగిలించింది. పెట్టడానికి బల్ల మీద నిజంగానే చోటు లేదు. బల్ల కింది డ్రాయరు బయటికి లాగి, దానిమీద అడ్డంగా పరిచింది.

ఆల్ట్. సున్నా, ఒకటి, ఎనిమిది, తొమ్మిది.

½ టక్కున వచ్చి కూర్చుంది. నమ్మకం చాలక ఇంకో పదిహేను కొట్టింది. "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావే?" అని దాన్ని తిట్టింది కూడా.

మూడింటికల్లా లైను గేటు దగ్గరినుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గరినుంచి బెంచీ దాకా తగ్గింది. నాలుగింటికి, ఎవరికీ తారీఖులు పడట్లేదు కదా అని చూడటానికి పెద్ద ఫార్మసిస్టు విసవిసా కౌంటరు వెనక్కి వచ్చాడు. వచ్చిన ఊపుకు బయటికి పొడుచుకొచ్చిన డ్రాయరు ఆయన మోకాలికి ఠపీమని తగిలింది.

"అబ్బా! ఏంటి పిన్నీ ఇది, కౌంటరా, పాత సామాన్ల కొట్టా? ఆ డ్రాయరు మూయండి ముందు, నా మోకాలు పగిలిపోయింది!"

పిన్ని ఎడమ చెయ్యి ఆల్ట్ మీదనుంచి తీయలేదు.

"నొప్పికి అర మాత్ర రాసివ్వండి సార్, లేబుల్ ఇప్పుడే కొట్టేస్తాను."