తమ్ముడి గోడవారకి విసిరిన మంచు

ఒహొనోస్ మొండివాడు. ఊళ్లో ఎవర్నడిగినా ముందు ఆ మాటే చెబుతారు, తర్వాతే పేరు. ఏడాదంతా నేల గడ్డకట్టే ఉండే లీనా నది ఒడ్డున పుట్టి, అక్కడే తల నెరిసి, ఎవరితోనూ సర్దుకుపోని మనిషి. అతని ప్రాణమంతా పెరట్లోని నేలకొట్టు మీదే. గడ్డకట్టిన నేలని తండ్రి నిప్పులేసి కరిగిస్తూ తవ్విన గుంత అది. ఎండాకాలంలోనూ లోపల గోడలు మంచుగడ్డే. ఏడాదికి సరిపడా గుర్రం మాంసం, తాగడానికి చెరువులోంచి కోసుకొచ్చిన మంచుదిమ్మలు అందులోనే. తండ్రి పోతూ దాన్ని పెద్దకొడుక్కిచ్చాడు. "తవ్విందాంట్లో సగం నా చెమట" అన్నాడు పక్కింట్లో ఉండే తమ్ముడు బ్యోతుర్. అక్కడ మొదలైంది.

కొట్టు చల్లగా ఉండాలంటే దాని మీద పడ్డ మంచు ఎత్తిపొయ్యాలి. మంచు దుప్పటి లాంటిది, కప్పితే కింద నేల వెచ్చబడుతుంది. అక్కడ పాలుతాగే పిల్లకీ తెలిసిన సంగతే. ఒహొనోస్ చలికాలమంతా ఆ మంచుని పారతో ఎత్తి, కంచె మీదుగా తమ్ముడి గోడవారకి విసిరేవాడు. కావాలనే. కొన్నేళ్లకి కింద నేల కరిగి తమ్ముడి ఇల్లు తాగినవాడిలా ఒరిగింది.

ఓ ఎండాకాలం చివర్లో తుయారా అనే అమ్మాయి నగరం నుంచి వచ్చింది, నేల ఎక్కడ ఎంత లోతున గడ్డకట్టి ఉందో పటం గీయడానికి. ఇనుప చువ్వ గుచ్చి చూసేది. అడవిలో నాచు కింద మోచేతి లోతుకే ఠక్కుమని ఆగింది. కాలిపోయిన అడవిలో నడుమంత దిగింది. బ్యోతుర్ గోడ పక్కన చువ్వ మొత్తం మునిగిపోయింది.

"పటంలో చుట్టూ గడ్డకట్టిన నీలం, ఇక్కడొక్కటే కరిగిన ఎరుపు. చెరువు లేదు, నిప్పు పడలేదు. ఏం చేశారిక్కడ?" అనడిగింది తుయారా.

"మా అన్న ప్రేమమ్మా" అన్నాడు బ్యోతుర్. "ఏటా దుప్పటి కప్పుతున్నాడు."

చుట్టూ చేరినవాళ్లు పగలబడి నవ్వారు. ఒహొనోస్ ఉమ్మేశాడు. "ఇల్లు నిలబెట్టుకోవడం చేతకాని వెధవ, మంచు మీద పడి ఏడుస్తున్నాడు!"

"ఇక్కడ నీళ్లు చేరితే పక్క నేలనీ తినేస్తాయి, పెద్దాయనా" అంటూ తుయారా అతని కొట్టు వైపు చూపించింది.

"నీ చువ్వ సంగతి నువ్వు చూసుకో."

పటం చూసిన ఊరిపెద్దలు బ్యోతుర్‌కి అడవివార, ఎండ తగలని ఉత్తరపు వాలులో జాగా ఇచ్చారు. ఇంటి దుంగలు ఊడదీసుకుని వెళ్లిపోయాడు. ఖాళీ జాగా కుంగింది, నీళ్లు నిలిచాయి. ఒహొనోస్ మంచు మాత్రం అటే పడుతోంది.

"రోడ్డు మీదకి విసిరితే చేతులు పడిపోతాయా?" అని అరిచింది భార్య దారియా.

"ఇన్నేళ్లూ అటే విసిరాను. ఇప్పుడూ అటే."

మూడో ఎండాకాలానికి నీళ్లు కంచె దాటి కొట్టు గోడ కొరికేశాయి. మాంసం మెత్తబడసాగింది. బ్యోతుర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా కొత్త కొట్టులో చోటుంది. అడుగన్నా. ఒక్కసారి నోరు తెరిచి అడుగు."

ఒహొనోస్ అడగలేదు. మాంసమంతా తమ్ముడి కళ్లముందే కుక్కలకి పారేశాడు.

ఆ చలికాలం కొట్టు లేదు, దాని మీద మంచు తియ్యాల్సిన పనీ లేదు. అయినా పొద్దున్నే పార భుజాన వేసుకుని బయటికొచ్చాడు. కంచె అవతలికి విసరడం మొదలుపెట్టాడు.