కాశమ్మ చేతుల మీదుగా

కమాన్ గల్లీలో ఏ ఇంట్లో ఏం వండారో, ఎవరి కూర మాడిందో, ఎవరికి షుగర్ వచ్చిందో, సిగరెట్లు మానేశానని భార్య మీద ఒట్టు పెట్టినవాడు ఎన్ని పెట్టెలు మానలేదో, అన్నీ తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె కాశమ్మ. ఇరవై ఆరేళ్లుగా ఆ గల్లీ చెత్త ఎత్తుతోంది. మొదట మొగుడితో కలిసి తోపుడు బండి మీద ఎత్తింది. ఆయన పోయాక ఒక్కతే మూడు చక్రాల రిక్షా మీద ఎత్తుతోంది. ఇన్నేళ్లలో ఆమె తమ సంచి విప్పుతోందని ఒక్కరికీ సిగ్గనిపించలేదు. కాశమ్మ చూస్తే అదీ ఒక చూపేనా అని గల్లీ ధీమా.

పొద్దున ఆరింటికి ఈల వేసుకుంటూ వస్తుంది. గల్లీ మలుపులో బండి ఆపి ఒక్కో సంచీ విప్పి, అట్టలు ఒక గోనెలో, సీసాలు ఒక గోనెలో, పాల కవర్లు ఒక గోనెలో వేస్తుంది. ముడి చూసి ఇల్లు చెప్పగలదు. ఆనందరావు గారిది రెండు నల్ల కవర్లలో పెట్టిన గట్టి పీటముడి. ఆయన ప్రభుత్వ కంపెనీలో సూపరింటెండెంటుగా చేసి రిటైరై, ఖాళీగా ఉండలేక గల్లీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆ ముడి విప్పితే ఇన్సులిన్ సూదులూ, వాటి కిందే చించి దాచిన మిఠాయి డబ్బాలూ కలిసి దర్శనమిస్తాయి.

ఈ గల్లీవాళ్లకు చెత్త వేరు చేయడం రాదని ఎవరన్నా అంటే వాళ్లకు గల్లీ తెలియదన్నమాట. అన్వరీ బేగం ఇంట్లో మిగిలిన రొట్టె ఏనాడూ చెత్తలో పడలేదు. గుమ్మం పక్కన మేకుకు గుడ్డ సంచి ఉంటుంది, మేకలవాడు వచ్చి పట్టుకుపోతాడు. దేవుడి పేరున్న కాగితాలకు మసీదు గోడకు రేకు డబ్బా ఉంది. హిందువుల ఇళ్లలో పూజ పూలు వేరే కవర్లో పెట్టి, స్కూటర్ మీద నయాపూల్ వంతెన దాకా మోసుకెళ్లి మూసీలోకి విసిరేస్తారు. మూసీకి అంతకన్నా కావలసిందేముంది! జోయెల్ వాళ్లింట్లో మట్టల ఆదివారం తెచ్చిన ఆకులు ఏడాది పొడవునా గోడ మీద ఎండుతాయే గాని చెత్తలోకి రావు. మొత్తానికి దేన్ని అవమానించకూడదో దాన్నంతా గల్లీ భక్తిగా వేరే తీసిపెడుతుంది. మిగిలింది ఒకే సంచిలో కుక్కి కాశమ్మకు ఇస్తుంది. అందులో గాజు పెంకులుంటాయి, బ్లేడ్లుంటాయి, డైపర్లుంటాయి. వాటివల్ల ఏ దేవుడికీ అవమానం జరగదు, తెగితే కాశమ్మ చేయి తెగుతుంది.

రెండు నెలల కిందట చేయి తెగడం కాదు, సూది దిగింది. పీటముడి విప్పి లోపల చేయి పెట్టగానే బొటనవేలి మొదట్లో కసుక్కుమంది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ రక్తం తీసి, టీకా వేసి, మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయాలంది. అప్పటిదాకా ఏమీ చెప్పలేమంది. ఇలాంటి సూదుల వల్ల ఏమేం అంటుకోవచ్చో మెల్లగా వివరించింది. కాశమ్మకు అందులో రెండు రోగాల పేర్లు తెలుసు. మిగతావి తెలియకపోవడమే నయమనుకుంది.

ఆ రోజు నుంచి మనవరాలు స్వీటీకి చేత్తో అన్నం కలిపి పెట్టడం మానేసింది. చెంచాతో పెడుతోంది. చేత్తో పెడితే అంటుకోదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. భయం డాక్టరమ్మ మాట వినదు కదా. "చెంచా వద్దు నానమ్మా, ముద్దలు చేసి పెట్టు" అని ఆరేళ్ల పిల్ల ఏడిస్తే, పొయ్యి దగ్గరకు వెళ్లి మొహం తిప్పుకుని నిలబడింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆనందరావు గారికి కూడా చెప్పలేదు. చెబితే ఆయన మిఠాయి సంగతి కూడా చెప్పినట్టవుతుందని మొహమాటపడింది. చూడండి ఆవిడ మర్యాద!

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త నిబంధన వచ్చింది. పారిశుద్ధ్య విభాగం నుంచి పురుషోత్తం అనే సూపర్‌వైజరు వచ్చి, ప్రతి ఇంట్లో నాలుగు డబ్బాలు పెట్టాలన్నాడు. తడి చెత్త ఒకటి, పొడి చెత్త ఒకటి, డైపర్లూ ప్యాడ్లూ ఒకటి, సూదులూ మందులూ పగిలిన బల్బులూ ఒకటి. తామే వచ్చి సంచులు విప్పి చూస్తామనీ, కలిపి వేసినవాళ్లకు జరిమానా అనీ ప్రకటించాడు. గల్లీ అంతా జరిమానా దగ్గరే ఆగిపోయింది. ఒక్క కాశమ్మ మాత్రం ముందుకొచ్చింది.

"సారూ, గా నాలుగోది మళ్లొక్కపారి చెప్పుండ్రి."

పురుషోత్తం చెప్పాడు. ఆ మాట కాశమ్మ చెవిలో చల్లగా దిగింది. ఒక సర్కారు కాగితం తన బొటనవేలి గురించి ఆలోచించడం ఆమె జీవితంలో అదే మొదటిసారి.

పురుషోత్తం మంచివాడే గాని, రోజుకు ఇన్ని ఫొటోలు పంపాలని పైనుంచి లెక్క ఉంది. మొదటి తనిఖీ రోజున అతని కంటికి అందరికన్నా ముందు అన్వరీ బేగం రొట్టెల సంచి కనిపించింది. ఫొటో తీసి నోటీసు రాశాడు. బహిరంగ ప్రదేశంలో తడి చెత్త.

"చెత్తనా? రోటీని చెత్త అంటవా బేటా?" అంది అన్వరీ బేగం. డెబ్భై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం నిండు యవ్వనంలో ఉంది. "అల్లా ఇచ్చిన తిండి ఇది. నువ్వు తినే ముందు గిట్లనే ఫొటో తీస్తవా ఏంది?"

దాంతో గల్లీ అంటుకుంది. పురుషోత్తం పక్కింటి డైపర్ల సంచి చూడకుండా రొట్టెను పట్టుకోవడం నిజంగా అన్యాయమే. కానీ గల్లీ ఆ అన్యాయాన్ని చంకనెత్తుకుని ఎక్కడికో వెళ్లిపోయింది. ఇవాళ రొట్టెల సంచి, రేపు బీరువా అన్నారు. చెత్తలో మన ఇజ్జత్ ఉందన్నారు. అంత ఇజ్జత్ ఇన్నాళ్లూ చెత్తలో ఎందుకు వేశారో ఎవరూ అడగలేదు. ఆనందరావు గారు ఆదివారం సంఘం హాల్లో సభ పెట్టించి, పురుషోత్తాన్ని కూడా రమ్మన్నారు. ఏ ఇల్లు ఏం కలుపుతోందో సభలో కాశమ్మను అడుగుతానని పురుషోత్తం ఎక్కడో నోరు జారాడు.

ఆ వారం కాశమ్మకు పండుగే. గల్లీకి ఉన్నట్టుండి గుర్తొచ్చింది, ఆమెకు కళ్లున్నాయని. సిగరెట్ల ఆయన ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. అత్తగారి మందులు పారేసే కోడలు పాత చీర ఇచ్చింది. ఆనందరావు గారైతే వరండాలో కుర్చీ వేసి, ఇంట్లో వాళ్లు తాగే గ్లాసులోనే చాయ్ ఇప్పించారు.

"నువ్వు మన మనిషివి కాశమ్మా. సభల ఎక్కువ మాట్లాడకు. ఏమన్న అవసరముంటే నాకు చెప్పు" అన్నారు.

"ఒక్కటే అవసరం సార్" అని కాశమ్మ మొదలుపెట్టింది.

"సభ కానియ్యి, అన్నీ చూద్దాం" అని ఆయన లేచారు. ఉదారులకు ఎప్పుడూ తొందర పనులుంటాయి.

ఆదివారం హాలు నిండింది. గోడకు బ్యానర్, ప్లాస్టిక్ ప్లేట్లలో సమోసాలు. తిన్న ప్లేట్లు, గ్లాసులు, చట్నీ అన్నీ మూలన ఒకే గుట్టగా పడుతున్నాయి. అది చూసి కాశమ్మ అలవాటుగా వంగబోయి, ఇవాళ తను మాట్లాడటానికి వచ్చానని గుర్తు చేసుకుని నిటారుగా కూర్చుంది.

పత్తర్‌గట్టీలో బట్టల దుకాణమున్న అబ్దుల్ వాహెద్ లేచి, "నా ఇంట్ల నలుగురు ఆడపిల్లలున్నరు భాయ్. పరాయి మొగోడు వచ్చి మా సంచి విప్పుతాడంటే ఎట్ల ఒప్పుకుంటం?" అన్నాడు. అందులో న్యాయం ఉంది, కాశమ్మ కూడా తలూపింది. ఆ తర్వాత లేచినవాళ్లలో ఒకాయన రాజ్యాంగం గురించి మాట్లాడాడు, ఒకాయన నిజాం కాలం శుభ్రత గురించి మాట్లాడాడు. నిబంధన అవసరమేనని, చెత్తకుప్పలు మండి పిల్లలు దగ్గుతున్నారని ఒక టీచరమ్మ అంటే, ముందు డ్రైనేజీ సంగతి చూడమని నలుగురు ఆమె మీద లేచారు. సూది అనే మాట గంటన్నర సభలో ఒక్కరి నోటా రాలేదు.

చివరకు పురుషోత్తం, "లొల్లి ఎందుకు? కాశమ్మనే చెప్పనియ్యండి" అన్నాడు.

హాలంతా చప్పున చల్లబడింది. కాశమ్మ లేచింది. "నాకు ఎవ్వరి పేరు చెప్పే పని లేదు సార్. నాకు ఒక్కటే..."

"విన్నరా!" అని ఆనందరావు గారు మైకు అందుకున్నారు. "ఎవరి పేరూ చెప్పనంటున్నది. అదీ సంస్కారమంటే! మన గుట్టు కాపాడిన మనిషి. నేనొక మాట చెప్తా. పరాయోళ్లు మన సంచులు ముట్టొద్దు, సర్కారు మాటా కాదనొద్దు. ఎప్పటిలెక్క కాశమ్మనే నాలుగు డబ్బాలల్ల వేరు చేస్తది, రిజిస్టర్ల వేలిముద్ర ఏస్తది. ఏమంటరు?"

ఏమంటారు, చప్పట్లు కొట్టారు. ఇంటింటి ఇజ్జత్ నిలబడింది. పురుషోత్తానికి ఫొటోలు దొరికాయి. 'ఇంటి దగ్గరే వేరు చేయబడినది' అని రాసుకోవడానికి రిజిస్టరూ దొరికింది. ఇంత పెద్ద సమస్యకు ఇంత చౌకగా పరిష్కారం దొరికినందుకు కాశమ్మకు శాలువా కప్పారు. "ఒక్క మాట సార్" అని ఆమె శాలువా లోపలి నుంచి రెండుసార్లు అంది. చప్పట్లలో కలిసిపోయింది.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఆమెకు కోపం వచ్చింది. చాలా ఏళ్లుగా రానిది. ఏం చేయాలో తెలియనంత కొత్తగా వచ్చింది. సర్కారు కాగితం నాలుగోదని రాసి ఇచ్చిన సూదుల డబ్బాను వీళ్లు చప్పట్లు కొట్టి మరీ తన చేతిలోకే తిప్పి పంపారని ఆమెకు బాగా అర్థమైంది.

మర్నాడు పొద్దున ఆనందరావు గారు ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర సిద్ధంగా ఉన్నారు. పురుషోత్తం ఫోను పట్టుకుని నిలబడ్డాడు. కొత్త విధానానికి మొదటి ఫొటో అధ్యక్షుల వారిదే. ఎదురింటి గుమ్మంలో అన్వరీ బేగం రొట్టెల సంచి మళ్లీ మేకుకు తగిలిస్తోంది. ఆనందరావు గారు నవ్వుతూ పీటముడి సంచి చాపారు. కాశమ్మ అందుకోలేదు.

"సార్, మొదటిది మీ చేతుల మీదుగ కానియ్యండి" అంది. "నాలుగు డబ్బాలూ ఈడనే ఉన్నయ్. ముడి విప్పి మీరే జర చెయ్యి వెట్టి తీయుండ్రి. పెద్దమనుషులు చేస్తే గల్లీ నేర్చుకుంటది."

"నేనెందుకు కాశమ్మా, సభల నువ్వే చేస్తవని కదా అనుకున్నం..."

"మన మనిషినంటిరి గద సార్. నేను రోజు చెయ్యి వెట్టే కాడనే మీరు వెట్టుండ్రి. ఒక్కపారి."

"మంచి ఫొటో అయితది సార్" అన్నాడు పురుషోత్తం, ఏమీ తెలియని పుణ్యాత్ముడు.

"దేఖో, పెట్టండి సాబ్" అంది ఎదురుగుమ్మంలోంచి అన్వరీ బేగం.

ఆనందరావు గారు నవ్వు చెదరకుండా ముడి విప్పారు. నల్ల కవరు నోరు తెరిచారు. మణికట్టు దాకా వెళ్లిన చేయి అక్కడ ఆగింది. తర్వాత మెల్లగా, దేనికీ తగలకుండా, వేళ్లు దగ్గరకు ముడుచుకుని బయటికి వచ్చింది.

"అందుల సూదులున్నయి" అన్నారాయన. గొంతు సంఘం అధ్యక్షుడిది కాదు.

"ఎరుకనే సార్" అంది కాశమ్మ. "మీకు ఎరుకనో కాదో అని అడిగిన."

బండి పక్కింటికి తోసుకుంటూ ఈల వేసింది. సంచి ఆయన చేతిలోనే ఉంది.