మెడ నుంచి తీయమన్న యాదయ్యన్న

మా శంషాబాద్ ఆసుపత్రిలో సీటీ స్కాన్ గదికి పెద్దదిక్కుగా నిలిచిన టెక్నీషియన్ యాదయ్యన్న గత మంగళవారం పక్షవాతంతో పరమపదించారు. ఆ దుర్వార్త విని ఆసుపత్రి యావత్తూ నిర్ఘాంతపోయింది. నేను మాత్రం ఫోను పెట్టేసి, తలుపు గడియ వేసుకుని సిగ్గుతో ఏడ్చాను. ఆ సిగ్గు ఎందుకో చెప్పకుండా ఆయన గుణగణాలు కీర్తిస్తే అది దొంగ నివాళి అవుతుంది.

బుద్వేల్‌లో పుట్టి పెరిగిన యాదయ్యన్న హాస్యప్రియుడు, కరుణార్ద్రహృదయుడు. యంత్రంలోకి వెళ్లడానికి వణికిపోయే రోగుల చెప్పులు తానే విప్పి పక్కన పెట్టేవారు. "గీ మిషిన్ల నీ మెదడే కనవడ్తది పెద్దమ్మా, మనసుల ఎవల్ని తిట్టుకుంటున్నవో కనవడది. నిమ్మలంగ పండుకో" అనేవారు. పెద్దమ్మ నవ్వు ఆగేలోపు పని మొదలయ్యేది.

పక్షవాతం కేసు వస్తే మాత్రం మహా మొండిమనిషి. తల స్కాన్ ఒక్కటే తీసి ఊరుకోనిచ్చేవారు కాదు. స్కాన్‌లో నాళాలు కనబడేలా చేసే మందు ఎక్కించి, మెడ నుంచి మెదడు దాకా రక్తనాళాలన్నీ తీసి, రక్తపు గడ్డ పెద్ద నాళంలో ఉందేమో చూడాలనేవారు. ఉంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఒక్కటే చాలకపోవచ్చు. సన్నని గొట్టం పంపి గడ్డను బయటకు లాగే పెద్దాసుపత్రికి తక్షణం పంపాలి.

ఒకసారి నేను డ్యూటీ డాక్టరుగా ఉండగా రావిర్యాల రైతు ఒకాయన నడుచుకుంటూనే వచ్చాడు. నోరు కాస్త వంకరపోయింది, చెయ్యి కాస్త పట్టు తప్పింది. "పెద్ద నాళం మూసుకుపోవడం చాలా అరుదు, అక్కర్లేదు" అన్నాను. రైతు కొడుకుల ముందే యాదయ్యన్న అందుకున్నారు: "తక్కువేం గాదు మేడం. మనం తియ్యక తక్కువ అనుకుంటున్నం. ఎంతమందికంటే ఒక్కో తాన ఒక్కో లెక్క చెప్తరు, గని ఎన్నడో ఒకటి వచ్చేదైతే గాదు." తీశాం. మూసుకుపోయింది పెద్ద నాళమే. పెద్దాసుపత్రిలో గడ్డ తీయించుకుని కోలుకున్నాక, నెల తర్వాత ఆ రైతు మక్కకంకుల సంచి తెచ్చి యాదయ్యన్న చేతిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. నలుగురిలో నా పరువు తీశాడని ఆ పుణ్యాత్ముడి మీద కక్ష పెంచుకున్నాను. ఛీ, తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఆయన పోయిన మంగళవారానికి ముందు శుక్రవారం ఉదయం, డ్యూటీలో ఉండగానే యాదయ్యన్న మాట ముద్దయింది, కుడిచెయ్యి వాలిపోయింది. ఆయన మిషను మీదే ఆయన్ను పడుకోబెట్టి తల స్కాన్ చేయించాను. రక్తస్రావం లేదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాను, చెయ్యి కొద్దిగా లేచింది. అప్పుడు ఆయన నా కళ్లలోకి చూసి అడిగారు: "మెడ నుంచి... తియ్యి మేడం."

నాకు స్పష్టంగా వినబడింది. "ఇప్పుడు నువ్వు పేషెంటువి అన్నా, డాక్టర్ని నేను. జర రెస్ట్ తీసుకో" అన్నాను.

ఆయన మళ్లీ అడగలేదు. మూడు గంటల తర్వాత కుడిపక్కంతా పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. అప్పుడు తీయించాను. ఎడమవైపు పెద్ద నాళం మూసుకుపోయి ఉంది. అంబులెన్సు ఆరాంఘర్ దాటి పెద్దాసుపత్రి చేరేసరికి మెదడులో చాలా భాగం చచ్చిపోయిందన్నారు. నాలుగు రోజులు కొట్టుమిట్టాడి వెళ్లిపోయారు.

సంతాపసభలో ఆయన భార్య లక్ష్మమ్మ వదిన నా చేతులు రెండూ పట్టుకుని, "నువ్వు పక్కనుంటివి బిడ్డా, గదే నా ధైర్యం" అంది. సభంతా నన్ను మెచ్చుకుంది. నేను నోరు విప్పలేదు.

నిన్న, ఇక్కడిదాకా రాసిన ఈ వ్యాసం తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను.

"అప్పుడే తీస్తే బతుకుతుండెనా?" అని అడిగింది.

"ఖాయంగ చెప్పలేను వదినా. బతికే దారైతే ఉండె. నేనే పోగొట్టిన."

ఆమె నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చివరికి కాగితాలు నా చేతికిచ్చి, "అచ్చేయించు. గాయన పేరు రాసినట్టే నీ పేరు గూడ రాయి" అంది.

యాదయ్యన్న లేని లోటు పూడ్చలేనిది. నా తప్పు నా మొహం మీదే చెప్పే మనిషి ఆ గదిలో ఇక లేరు. అన్నా, నీకు చేతులు జోడించే అర్హత లేకపోయినా జోడిస్తున్నాను. ఆ రోజు డ్యూటీ డాక్టరు పేరు స్వప్న. ఇది రాసింది ఆమే.