కేదారంలో మామ్మ వదిలేసిన గుప్పెడు

మా చిన్నప్పుడు... పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే మామ్మ ఇంట్లో ఎంతమందిమి ఉన్నామో చూసుకుని బియ్యం పోసేది. పోశాక మళ్ళీ డబ్బాలో చెయ్యిపెట్టి ఇంకో గుప్పెడు వేసేది. ఆ గుప్పెడు తాతయ్యకి.

తాతయ్య నేను పుట్టకముందే వెళ్ళిపోయారు. పుష్కరాలకని నిడదవోలు నుంచి కొవ్వూరు వెళ్ళి, రేవులో స్నానం చేసి, అటునుంచటే సాధువుల వెంట నడిచిపోయారట. కొన్నాళ్ళకి ఒక కార్డు వచ్చింది... సన్యాసం తీసుకున్నాను, నా కోసం చూడొద్దు అని. అంతే. తర్వాత ఉన్నారో పోయారో ఎవరికీ తెలీదు. సన్యాసికి తద్దినం ఉండదని పంతులుగారు తేల్చేశారు. ఏడవడానికి ఒక తిథి లేదు, ఎదురుచూడ్డానికి ఒక అడ్రసు లేదు. మామ్మకి మిగిలింది ఆ గుప్పెడే.

నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పుడు తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాను. రాజమండ్రి స్టేషన్ బయట నేలమీద పరిచి అమ్మే చిన్న చిన్న పుస్తకాలు తెచ్చుకుని చదివేదాన్ని. ఒకదాంట్లో దేవుడే లేడని ఉండేది, ఇంకోదాంట్లో అందరిలోనూ ఉన్నది ఆయనొక్కడేనని. రెండూ నమ్మేసి, రెండిటి తరఫునా ఇంట్లోవాళ్ళతో పోట్లాడేదాన్ని.

ఆ వేసవిలో యాత్రల బస్సెక్కాం. మామ్మ, తోడుగా నేను. కాశీలో అందరూ గంగలో మునిగి తమకిష్టమైన కూరో పండో వదిలేశారు. మా వెనక సీటు పిన్నిగారు వాళ్ళాయన్ని పట్టుకుంది. "కాకరకాయ వదిలేశారా! ఎప్పుడు తిన్నారు గనకండీ మీరు?" బస్సంతా నవ్వులే.

మామ్మ మాత్రం ఏమీ వదల్లేదు.

"నాది కేదారంలో వదుల్తానే" అని కొంగు చివర ముడి చూపించింది. ఇంటినుంచి కట్టుకొచ్చిన గుప్పెడు బియ్యం!

ఎగిరి గంతేద్దామనిపించింది. ఇన్నేళ్ళ ఎదురుచూపు ఆ కొండమీద దించేసి వస్తుందన్నమాట...

కొండెక్కడానికి మామ్మకి గుర్రం కుదిర్చాం. నెత్తిన నాన్న మంకీ క్యాప్, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు. పైన స్వామి దర్శనమయ్యాక గుడి వెనక్కి తీసుకెళ్ళారు. అద్వైతం చెప్పిన ఆచార్యులవారి సమాధి అక్కడే. చిన్న మందిరం, ఆ వెనకంతా మంచుకొండ.

నేను దారిపొడుగునా నూరుకున్న ప్రశ్న అక్కడ విసిరాను. "అంతా మాయ అన్న మనిషికి సమాధెందుకండీ? మళ్ళీ దానికి దండాలెందుకు?"

మా యాత్ర నడిపిస్తున్న రిటైర్డ్ మాస్టారు నా కాళ్ళవైపు చూశారు. "ముందు ఆ చెప్పులు విప్పమ్మా."

అందరూ విప్పేశారు. నేనే మర్చిపోయాను. సిగ్గుతో నా కోపం సగం చచ్చిపోయింది.

ఆచార్యులవారు చిన్నతనంలోనే ఇల్లు విడిచారనీ, నీ అవసాన సమయానికి వస్తానని తల్లికి మాటిచ్చారనీ, సన్యాసి అయ్యుండీ అన్నమాట ప్రకారం వచ్చి ఆవిడకి కర్మ చేశారనీ మాస్టారు కథ చెప్పారు. మామ్మ అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఈయనకి పెళ్ళయిందా మాస్టారూ?"

"లేదండి. బ్రహ్మచర్యం నుంచే సన్యాసం."

"అయితే బుద్ధిమంతుడే" అని దండం పెట్టింది.

ముడి విప్పబోతే చలికి వేళ్ళు కదల్లేదు. పంటితో లాగింది. చివరికి నేనే విప్పాను. ఆ బియ్యం గడప పక్కన పోసి, "ఇంక మీరు చూసుకోండి" అంది. ఆచార్యులవారితో అందో, తాతయ్యతో అందో... ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "టీ ఎక్కడ దొరుకుద్దే పిల్లా?" అంది.

ఇంటికొచ్చిన మర్నాడు వంటింటి గుమ్మంలో కాపలా కూర్చున్నాను. మామ్మ బియ్యం పోసింది. ఒక్క క్షణం ఆగింది. చెయ్యి మళ్ళీ డబ్బాలోకి వెళ్ళింది... గుప్పెడు!

"వదిలేశావుగా మామ్మా!"

"ఆయన్ని వదిలేశాను. గుప్పెడు ఎందుకు వదుల్తానే?"

"మరి ఎవరికిది?"

"ఎవరొస్తే వాళ్ళకి."

"ఎవరూ రాకపోతే?"

"నువ్వు తిందూగాని. కొండెక్కి చిక్కిపోయావు."

ఆ రోజు చాలా కోపమొచ్చింది. మామ్మ గెలిచిందో ఓడిందో తేల్చుకోలేని కోపం... అందరూ ఒక్కటేనని నా పుస్తకాల్లో రాసుంది కదా, అది ఇదేనా? లేక ఆవిడకి చెయ్యి అలవాటు పోలేదా? ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు మామ్మ లేదు. తాతయ్య కబురూ రాలేదు. మేం చూసిన ఆ సమాధి మందిరాన్ని వరద ఊడ్చుకుపోయిందని టీవీలో చూసి, ఆ గుప్పెడు ఏమైందా అనుకున్నాను పిచ్చిదాన్లా.

ఇప్పుడు నేనుండే హాస్టల్ గదిలో కరెంటు కుక్కర్. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ కప్పు ఇచ్చారు... మనిషికి ఒక కప్పు, గీత దాకా. ఎవరైనా వస్తే ఫోన్ చేసే వస్తారు. అయినా ఒక్కోసారి గీత దాటి నాలుగు గింజలు నా చేతిలోంచి పడతాయి. ఎవరికో నాకే తెలీదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా ఒక గుప్పెడు ఎక్కువ వేసేవారా? ఎవరి కోసమో ఎప్పుడైనా అడిగారా...?